కుడివైపు స్టీరింగ్

జుంబేర్ జపాన్ కారే ఎందుకు కొన్నాడో
కుతైసీ మొత్తం మీద నాకొక్కదానికే తెలుసు.
చవకని అందరూ అనుకున్నారు. అననిచ్చాను.
దానికి స్టీరింగ్ కుడివైపు.
ఎక్కినవాడు ఎడమ పక్కన కూర్చుంటాడు,
ఎడమ చెంపే చూస్తాడు.
ఆ చెంపకి ఏ లోటూ లేదు.

కుడిది వాడి పన్నెండో ఏట మొదలైంది.
ముందు గోరంత మచ్చ.
తర్వాత చర్మం కింద ఎవడో దొంగ
రోజుకో చెంచాడు తవ్వుకుపోయినట్టు,
తోలు ఎముకకి అంటుకునేదాకా.
నొప్పి లేదు. అదే నన్ను ఎక్కువ ఏడిపించింది,
నొప్పి ఉంటే దేనికో ఒకదానికి మందు అడిగేవాళ్ళం.
పదిహేడు దాటాక దానంతట అదే ఆగింది,
ఎందుకొచ్చిందో చెప్పలేదు, ఎందుకాగిందో చెప్పలేదు.
ఇద్దరు డాక్టర్ల పేర్లు కలిపి దానికి పెట్టారట.
ఆ ఇద్దరిలో ఒక్కడూ మా గుమ్మం ఎక్కలేదు.

గడ్డం గీసుకునేటప్పుడు
నాలుకని లోపల్నుంచి ఆనించి
గుంటని పైకి తోసి, అప్పుడు గీసేవాడు.
ఇరవై ఏళ్ళు తలుపు సందులోంచి చూశాను.

నలభై ఒకటో ఏట నన్ను వెంటబెట్టుకుని త్బిలిసీ వెళ్ళాడు.
డాక్టర్ నానుకా చిన్నపిల్ల, చల్లని చేతులు.
నీ ఒంట్లో కొవ్వే సన్నగొట్టంతో లాగి,
గిర్రున తిప్పి, నూనె పైకి, నెత్తురు కిందికి పంపి,
నడుమ మిగిలిన పచ్చటిదాన్ని
చుక్క చుక్కగా చెంపలో నాటుతానంది.
టమాటా నారు లాగే. గుత్తంగా వేస్తే కుళ్ళిపోతుంది.
"సగం బతుకుతుంది. సగం ఒళ్ళు తినేస్తుంది.
మళ్ళీ రావాల్సి ఉంటుంది."
అని వాడి పొట్ట చిటికెతో పట్టుకోబోయింది.
చిటికెకి ఏమీ చిక్కలేదు.
తొడ చూసింది, నడుం చూసింది.
"మూడు నెలలు తిని రా" అంది.

ఏ డాక్టర్ రాసిన చీటీ నాకింత నచ్చలేదు!
జున్ను రొట్టె, దాని మీద గుడ్డు, గుడ్డు మీద వెన్న.
వంకాయలో అక్రోటు ముద్ద.
బజారుకి తీసుకెళ్ళే నా అక్రోట్ల బుట్ట
సగానికి సగం వాడి పళ్ళెంలోనే ఖాళీ.
మధ్యలో ఈస్టర్ ముందటి ఉపవాసాలు వచ్చి పడ్డాయి.
చెంప కోసం వెన్న తినొచ్చా అని ఫాదర్‌ని అడిగాను.
ఆయన గడ్డం నిమురుకుని, "ఏ చెంప?" అన్నాడు.
"కుడిది."
"కుడిదైతే తినొచ్చు."
పక్కింటి ఒతారి ఒకరోజు గోడ మీంచి
"మీవాడికి కొవ్వెక్కిందమ్మోయ్" అని అరిస్తే
పిండి చేతులతోనే వెళ్ళి వాటేసుకున్నాను.

జూన్‌లో చేశారు.
కట్టు విప్పితే చెంప కాదు, గుమ్మడికాయ.
నెలకి దిగింది. మూడో నెలకి ఇంకా దిగింది.
దొంగ మళ్ళీ వచ్చాడేమోనని
నిద్రపోతున్న వాడి ముఖం మీద టార్చి వేసి చూసేదాన్ని.
చివరికి ఒకచోట నిలబడింది,
ఆ పిల్ల చెప్పిన సగం కంటే కాస్త తక్కువే.
జనవరిలో మంచులో మళ్ళీ వెళ్ళాం.
ఇప్పుడక్కడ గిన్నె లేదు, సాసరుంది.

ఇంకో సంగతి కూడా చెప్పింది:
చెంపకొచ్చినా ఆ కొవ్వుకి పొట్టబుద్ధి పోదట.
మనిషి లావెక్కితే అదీ ఎక్కుతుంది,
చిక్కితే అదీ చిక్కుతుంది.
ఇక "తిన్నాను పిన్నీ" అని వాడు గుమ్మంలో అబద్ధమాడితే
నేను మాట వినను, చెంప చూస్తాను.

కారు మార్చలేదు. చెయ్యి అలవాటు పడిందట.
నిన్న వంతెన దగ్గర పోలీసు ఆపి కుడి అద్దం తట్టాడు.
ఇదివరకైతే నాలుగువేళ్ళ సందు తెరిచి
కాగితాలు బయటికి తోసేవాడు.
నిన్న అద్దం మొత్తం దింపాడు.
పోలీసు లైసెన్సు ఫొటో చూశాడు, ముఖం చూశాడు,
మళ్ళీ ఫొటో చూశాడు.
"ఇది నువ్వేనా?"
వెనక సీట్లో బస్తాల మధ్య నాకు ఊపిరాడలేదు.
"అది తిండికి ముందు ఫొటో సార్" అని
జుంబేర్ కడుపుబ్బ నవ్వాడు.
ఆ కడుపులోది కాస్త చెంపలో ఉందిగా,
అక్కడా కదిలింది.

జరిమానా మాత్రం తప్పలేదు.
లైటొకటి వెలగడం లేదట,
కుడివైపుది.